డెబియన్‌లో వదిలేసిన ఫాంటు ప్యాకేజీని తీసుకుని నడపాలంటే? (శ్రీకాకుళం, విజయనగరం పిల్లల కోసం)

#1 వంశధార_గట్టు (నరసన్నపేట)

ఎచ్చెర్ల, టెక్కలి, రాజాం వైపు చదువుకునే పిల్లలు కొందరు డెబియన్ (స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టమ్) ప్యాకేజీల పని నేర్చుకుంటామని ముందుకొచ్చారు. లాప్‌టాపులు చాలావరకు 8 జీబీ ర్యామ్‌వి, కొందరివి అంతకన్నా తక్కువ. నెట్ అంటే ఫోన్ హాట్‌స్పాటే, రోజుకి రెండు జీబీ దాటదు. తెలుగుకి పనికొచ్చేదే చేద్దామని అందరి మాట, అందుకే ఫాంట్ల వైపు చూస్తున్నాం.

కొత్త ఫాంటు ఒకటి తెచ్చి ప్యాకేజీ చెయ్యడం మంచిదా, ఎవరూ చూడకుండా పడి ఉన్నదాన్ని తీసుకోవడం మంచిదా? తీసుకున్నాక ఏడాది పొడుగునా ఏమేం చూసుకోవాలి? ఎలా చెయ్యాలన్నది ఒక్కటే కాదు, ఎక్కడ ఆగిపోతుందో, ఎందుకో కూడా రాయండి. పిల్లలకి ఈ చర్చే చదివిస్తాను.

#2 గంటస్తంభం (విజయనగరం)

వదిలేసినదాన్నే తీసుకోండి. కొత్త పేరుతో ఏ ప్యాకేజీ వచ్చినా ముందు ‘న్యూ’ క్యూలో కూర్చుంటుంది. ఆర్కైవ్‌ని (డెబియన్ ప్యాకేజీల భాండాగారం) చూసుకునే ఎఫ్‌టీపీ మాస్టర్లు ప్రతి ఫైలు లైసెన్సూ చూసి లోపలికి వదలాలి. అది కొన్ని రోజుల్లో అవ్వొచ్చు, నెలలు పట్టొచ్చు. మన చేతిలో లేదు. నేర్చుకునేవాళ్ళకి ఆ నిరీక్షణ మంచిది కాదు. ఇప్పటికే ఆర్కైవ్‌లో ఉన్న ప్యాకేజీకి, దాని బైనరీ పేర్లు మార్చనంతవరకు, ఆ క్యూ అడ్డు రాదు.

ఇలాంటివన్నీ డబ్ల్యూఎన్‌పీపీ అనే ఉత్తుత్తి ప్యాకేజీ మీద బగ్గులుగా నమోదై ఉంటాయి. శీర్షిక ముందున్న అక్షరాలే అసలు సంగతి చెబుతాయి. ‘ఓ’ అంటే అనాథ, మెయింటెయినర్ (ప్యాకేజీని చూసుకునేవాళ్ళు) వదిలేశారు. ‘ఆర్‌ఎఫ్‌ఏ’ అంటే ఇంకా చూస్తున్నారు, ఎవరైనా తీసుకుంటే అప్పగిస్తారు. ‘ఆర్‌ఎఫ్‌హెచ్’ అంటే సాయం కావాలి. ‘ఐటీఏ’ కనిపిస్తే దాన్ని ఇంకొకరు తీసుకుంటున్నారని అర్థం, ముందు వాళ్ళకి రాయండి. మీ మెషీన్లో ఉన్నవాటిలో ఏవి సాయం కోసం చూస్తున్నాయో తెలియాలంటే ‘హౌ-కెన్-ఐ-హెల్ప్’ పెట్టుకోండి, యాప్ట్ నడిపిన ప్రతిసారీ జాబితా చూపిస్తుంది. డెవ్‌స్క్రిప్ట్స్‌లోని ‘డబ్ల్యూఎన్‌పీపీ-అలర్ట్’ కూడా ఇదే పని చేస్తుంది.

తీసుకునే ముందు ట్రాకర్ పేజీ (ప్యాకేజీ స్థితి చూపేది) తెరిచి చూడాల్సినవి: టెస్టింగ్‌లో (తరవాతి విడుదలకి సిద్ధమయ్యే శాఖ) ఉందా, తీసేశారా? తీసేస్తే ఏ బగ్ వల్ల? అప్‌స్ట్రీమ్‌లో (ఫాంటు అసలు తయారీదారుల దగ్గర) ఇంకా ఎవరైనా ఉన్నారా? దీని మీద ఏవి ఆధారపడ్డాయి? అప్‌స్ట్రీమ్ లేదు, లైసెన్సు తేలదు, అంతకన్నా మంచి ఫాంటు ఆర్కైవ్‌లో ఉంది అనుకోండి. అప్పుడు దత్తత కన్నా తొలగించమని ‘ఆర్‌ఎం’ బగ్ రాయడమే సాయం. అది కూడా మెయింటెయినర్ పనే.

#3 ఆమదాలవలస_జంక్షన్

మాస్టారూ, మెయింటెయినర్ పేరు ఉంది గానీ ఏళ్ళ తరబడి అప్‌లోడ్ లేదు, బగ్గులకి జవాబూ లేదు. ‘ఓ’ అని రాసి లేదు. అలాంటిది తీసుకోవచ్చా?

#4 గంటస్తంభం (విజయనగరం)

వచ్చు, కానీ చెప్పకుండా కాదు బాబూ. దానికి ‘శాల్వేజ్’ అని పద్ధతి ఉంది. ఆ ప్యాకేజీ మీదే ‘ఐటీఎస్’ (శాల్వేజ్ చేయదలిచాం) అని ‘ఇంపార్టెంట్’ తీవ్రతతో బగ్ రాసి, మెయింటెయినర్‌కి కాపీ వెళ్ళేలా చూడాలి. 21 రోజులు ఆగాలి. ఈలోపు ఆయన వద్దంటే అక్కడితో ఆపెయ్యాలి. ఏమీ అనకపోతే అప్‌లోడ్ చెయ్యొచ్చు, అదీ కనీసం 7 రోజుల డిలేడ్ క్యూలో (అన్ని రోజులు ఆగాకే ఆర్కైవ్‌లోకి వెళ్ళే వరస) పెట్టి. మొదటి ప్యాకేజీకి మాత్రం ఈ దారి వద్దు. ‘ఓ’ ఉన్నవే ఎన్నో ఉన్నాయి.

#5 నాగావళి (శ్రీకాకుళం)

డేటా తక్కువ, ర్యామ్ తక్కువ అన్నారు కాబట్టి ముందు బిల్డ్ ఏర్పాటు గురించి.

బిల్డ్ ఎప్పుడూ మీ డెస్క్‌టాప్ మీద నేరుగా చెయ్యకండి. మీ దగ్గర ముందే ఉన్న ప్యాకేజీ ఏదో దానంతటదే దొరికి బిల్డ్ అయిపోతుంది, డెబియన్ సర్వర్‌లో అది లేక పడిపోతుంది. శుభ్రమైన క్రూట్‌లో (మీ సిస్టమ్‌తో కలవని విడి డెబియన్ ఫోల్డర్) ‘ఎస్‌బిల్డ్’ వాడండి. ‘అన్‌షేర్’ పద్ధతిలో రూట్ అనుమతి అక్కర్లేదు: ఎస్‌బిల్డ్, ఎమ్ఎమ్‌డెబ్‌స్ట్రాప్, యూఐడీమ్యాప్ పెట్టుకుని, మీ హోమ్‌లోని క్యాష్ కింద ఎస్‌బిల్డ్ ఫోల్డర్లో ‘అన్‌స్టేబుల్’ (కొత్త అప్‌లోడ్లు ముందు చేరే శాఖ) క్రూట్‌ని ‘బిల్డ్‌డీ’ రకంగా ఒక టార్ ఫైలు చేసి ఉంచాలి. క్రూట్ తప్పకుండా అన్‌స్టేబులే అయ్యుండాలి. మీ లాప్‌టాప్‌లో ట్రిక్సీ (డెబియన్ 13) ఉన్నా ఫరవాలేదు.

డేటా కోసం ‘యాప్ట్-క్యాషర్-ఎన్‌జీ’ ఒక మెషీన్లో పెట్టండి. 3142 పోర్టులో వింటుంది. పిల్లలు ఒకే గదిలో కూర్చుంటే అందరి క్రూట్‌లూ దాని గుండా వెళ్ళేలా ప్రాక్సీ ఇస్తే ఒకసారి దిగిన ఫైలు మళ్ళీ నెట్ నుంచి రాదు. ఫాంట్‌ఫోర్జ్, దాని వెనకాల వచ్చే లైబ్రరీలు ఒక్కొక్కరూ విడిగా దింపుకుంటే ఆ రోజు డేటా అక్కడే అయిపోతుంది.

ఇంకో దారి ఉంది, నాకైతే ఇదే ఇష్టం. రిపాజిటరీని సల్సాలో (డెబియన్ గిట్ సర్వర్) పెట్టి సల్సా సీఐ పైప్‌లైన్ ఆన్ చెయ్యండి. బిల్డ్, లింటియన్ (ప్యాకేజీ తప్పులు వెతికేది), పైయుపార్ట్స్ (వేసి, అప్‌గ్రేడ్ చేసి, తీసి చూసేది), రెప్రోటెస్ట్ (మళ్ళీ బిల్డ్ చేస్తే అవే బైట్లు వస్తాయా అని చూసేది), ఆటోప్యాకేజ్‌టెస్ట్ (వేసిన ప్యాకేజీ పని చేస్తుందా అని చూసేది) అన్నీ వాళ్ళ సర్వర్ల మీద నడుస్తాయి. మీరు పంపేది మార్పు మాత్రమే, కొన్ని కేబీలు.

పాత చరిత్ర గిట్‌లో లేకపోతే కంగారు వద్దు. 2018లో పాత సర్వర్ అలియోత్ మూసేశాక ఎన్నో ప్యాకేజీల వీసీఎస్ (సోర్స్ చరిత్ర ఉండే చోటు) లింకులు పని చెయ్యవు. ‘జీబీపీ ఇంపోర్ట్-డీఎస్‌సీస్’కి ‘డెబ్‌స్నాప్’ ఆప్షన్ ఇస్తే స్నాప్‌షాట్ సర్వర్ నుంచి పాత వెర్షన్లన్నీ వరసగా తెచ్చి గిట్‌గా పేరుస్తుంది. ఫాంటు ప్యాకేజీకి ఇది పెద్ద బరువు కాదు.

#6 వంశధార_గట్టు (నరసన్నపేట)

అక్కా, పాత ఫాంటు ప్యాకేజీ తెరిచాక మొదట ఏం మార్చాలి?

#7 నాగావళి (శ్రీకాకుళం)

చాలా పాతదైతే రూల్స్ ఫైలు సీడీబీఎస్‌తో (పాత బిల్డ్ పద్ధతి) గానీ, విడివిడి డీహెచ్ ఆదేశాలతో గానీ నిండి ఉంటుంది. దాన్ని మూడు పంక్తుల ‘డీహెచ్’ రూల్స్‌గా మార్చండి. ‘కంపాట్’ ఫైలు తీసేసి, బిల్డ్-డిపెండ్స్‌లో డెబ్‌హెల్పర్-కంపాట్ 13 ఇవ్వండి. డిఫోమా (పాత ఫాంట్ల నిర్వహణ సాధనం) మిగుళ్ళు కనిపిస్తే ఊడ్చెయ్యాలి, అది ఆర్కైవ్‌లోంచి పోయి చాలా కాలమైంది. పోస్ట్‌ఇన్‌స్ట్‌లో చేత్తో రాసిన ఎఫ్‌సీ-క్యాష్ ఆదేశం ఉంటే అదీ తీసెయ్యండి. ఫాంట్‌కాన్ఫిగ్‌కి (ఏ ఫాంటు వాడాలో తేల్చే లైబ్రరీ) ఫాంట్ల డైరెక్టరీ మీద ట్రిగర్ ఉంది, డీపీకేజీయే పిలుస్తుంది.

కంట్రోల్ ఫైల్లో సెక్షన్ ‘ఫాంట్స్’, ప్రయారిటీ ‘ఆప్షనల్’ (‘ఎక్స్‌ట్రా’ అన్నది 2017 నుంచి వాడకూడదు), ఆర్కిటెక్చర్ ‘ఆల్’, మల్టీ-ఆర్చ్ ‘ఫారిన్’, రూల్స్-రిక్వయర్స్-రూట్ ‘నో’. మెయింటెయినర్ చోట మీ ఒక్కరి పేరు కాకుండా డెబియన్ ఫాంట్స్ టీమ్‌ని పెట్టి, మీ పేర్లు అప్‌లోడర్స్‌లో రాసుకోండి. ముందు టీమ్‌ని అడిగి చేరాలి.

ఫాంటు ఫైళ్ళు ‘యూఎస్ఆర్ షేర్ ఫాంట్స్’ కింద ‘ట్రూటైప్’లోనో ‘ఓపెన్‌టైప్’లోనో, ప్యాకేజీ పేరుతో ఉన్న ఫోల్డర్లో ఉండాలి.

దెబ్బతినే చోటు ఒకటి. పాత ప్యాకేజీలు ఫాంట్‌కాన్ఫిగ్ ఫైలుని ‘ఈటీసీ’ కింద కాన్ఫ్.అవైల్‌లో పెట్టేవి. ఇప్పుడది ‘యూఎస్ఆర్ షేర్ ఫాంట్‌కాన్ఫిగ్’ కిందికి మారింది. మీరు కొత్తచోట పెట్టేసి ఊరుకుంటే, అప్‌గ్రేడ్ చేసినవాళ్ళ దగ్గర పాత ఫైలు అలాగే మిగిలిపోతుంది. ‘ఈటీసీ’ కింద ఉన్నది కాన్ఫ్‌ఫైలు (వాడేవాళ్ళు మార్చుకోగల సెట్టింగు ఫైలు), డీపీకేజీ దాన్ని తనంతట తాను తీసెయ్యదు. డెబియన్ డైరెక్టరీలో ‘మెయింట్‌స్క్రిప్ట్’ ఫైలు పెట్టి, అందులో ‘ఆర్ఎమ్ కాన్ఫ్‌ఫైల్’ ఆదేశం, పాత దారి, మీ కొత్త వెర్షన్ రాయాలి. వెర్షన్ చివర టిల్డే (~) గుర్తు మర్చిపోవద్దు, అది లేకపోతే బ్యాక్‌పోర్ట్ (పాత విడుదల కోసం కట్టిన కొత్త వెర్షన్) వేసుకున్నవాళ్ళకి తొలగింపు జరగదు. పైయుపార్ట్స్ పట్టుకునేది సరిగ్గా ఇలాంటివే.

#8 జీడితోట (పలాస)

లైసెన్సు సంగతి నేను రాస్తాను, ఫాంట్లలో ఎక్కువ చిక్కులు ఇక్కడే.

ఎక్కువ ఫాంట్లు ఓఎఫ్‌ఎల్ (ఓపెన్ ఫాంట్ లైసెన్స్) 1.1 కింద ఉంటాయి (2007 ఫిబ్రవరి నాటిది). డెబియన్ మార్గదర్శకాలకి అది సరిపోతుంది. కానీ అందులో ‘రిజర్వ్‌డ్ ఫాంట్ నేమ్’ అనే నిబంధన ఉంది. కర్త పేరుని రిజర్వ్ చేసుకుంటే, మార్చిన ఫాంటుని ఆ పేరుతో పంచకూడదు. మీరు ఒక గ్లిఫ్ (అక్షర రూపం) సరిచేసినా, టేబుల్ మార్చినా అది మార్చిన ఫాంటే. అందుకని ప్యాచ్ వేసే ముందు లైసెన్సు మొదటి పంక్తులు చదవండి. రిజర్వ్ ఉంటే కర్త దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకుని కాపీరైట్ ఫైల్లో చేర్చండి, లేదా దిద్దుబాటుని అప్‌స్ట్రీమ్‌కే పంపి వాళ్ళ విడుదల కోసం ఆగండి. రెండోదే మేలు.

జీపీఎల్ ఫాంటు అయితే ‘ఫాంటు మినహాయింపు’ ఉందో లేదో చూడండి. లేకపోతే పీడీఎఫ్‌లో ఫాంటుని పొదిగినప్పుడు ఆ పత్రానికీ జీపీఎల్ వర్తిస్తుందా అన్న ప్రశ్న వస్తుంది.

తరవాత ఫాంటు లోపల ఓఎస్/2 టేబుల్లో ఎఫ్ఎస్‌టైప్ అనే విలువ. 0 ఉంటే ఎక్కడైనా పొదగొచ్చు. 2 ఉంటే నిషేధం. లైసెన్సు స్వేచ్ఛగా ఉండి ఈ విలువ నిషేధంగా ఉన్న ఫాంట్లు తగులుతాయి, తయారుచేసిన సాఫ్ట్‌వేర్ దానంతటది పెట్టింది కర్త గమనించి ఉండరు. లింటియన్ దీన్ని ఎత్తిచూపుతుంది. ఊరికే ఓవర్‌రైడ్ రాసి నోరు నొక్కకండి. కొన్ని ప్రోగ్రాములు ఆ విలువ చూసి పీడీఎఫ్‌లో ఫాంటు పొదగడం మానేస్తాయి, అప్పుడు ప్రింటు షాపులో తెలుగంతా డబ్బాలుగా వస్తుంది. అప్‌స్ట్రీమ్‌కి చెప్పి సరిచేయించండి.

సోర్స్ కూడా. టీటీఎఫ్ ఫైలు ఒక్కటే ఉంటే చాలదు, కర్త దేనిలో దిద్దుతారో ఆ రూపం ఉండాలి: ఎస్‌ఎఫ్‌డీ గానీ, యూఎఫ్‌ఓ గానీ, గ్లిఫ్స్ ఫైలు గానీ. దాన్నుంచే బిల్డ్ చెయ్యాలి. ఎస్‌ఎఫ్‌డీకి ఫాంట్‌ఫోర్జ్, యూఎఫ్‌ఓకి ఫాంట్‌మేక్. అప్‌స్ట్రీమ్ బిల్డ్ స్క్రిప్టు పిప్‌తో ఏదైనా దింపే ప్రయత్నం చేస్తే దాన్ని మార్చుకోవాలి, బిల్డ్ జరిగేటప్పుడు నెట్ వాడకూడదని పాలసీ.

#9 మెళియాపుట్టి_కొండ

మా వైపు సవర పిల్లలకి సొరాంగ్ సోంపెంగ్ లిపి ఫాంటు కావాలని అడుగుతున్నారు. 1936లో మంగెయి గొమాంగో తయారుచేసిన లిపి, యూనికోడ్‌లో 2012లో చేరింది. ఇదీ ఈ జట్టు తీసుకోవచ్చు కదా?

#10 జీడితోట (పలాస)

దానికి కొత్త ప్యాకేజీ అక్కర్లేదండి. ‘ఫాంట్స్-నోటో-కోర్’లో నోటో శాన్స్ సోరా సోంపెంగ్ ఇప్పటికే ఉంది, అది వేస్తే కనబడుతుంది. నోటో శాన్స్ తెలుగూ అందులోనే ఉంది. ఏ ఫాంటుకైనా బగ్ రాసే ముందు ‘యాప్ట్-ఫైల్’తో వెతికితే ఇలా ముందే ఉన్నవి దొరుకుతాయి.

#11 మెళియాపుట్టి_కొండ

ధన్యవాదాలు. చూపించడం ఒకటైతే టైపు చెయ్యడం ఇంకొకటి. కీబోర్డు సంగతి?

#12 నాగావళి (శ్రీకాకుళం)

అక్కడ నిజంగా పని ఉంటుంది. తెలుగుకి ఎం17ఎన్-డీబీలో ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, ఐట్రాన్స్, యాపిల్, పోతన లేఅవుట్లు ఉన్నాయి, ఐబస్-ఎం17ఎన్ ద్వారా వాడుకోవచ్చు. సవరకి ముందు ఎం17ఎన్-డీబీ తాజా వెర్షన్లో లేఅవుట్ ఉందేమో చూడండి. లేకపోతే లేఅవుట్ రాసి అప్‌స్ట్రీమ్‌కి పంపాలి, డెబియన్‌లో ప్యాచ్‌గా పెట్టుకోకూడదు. ఏ మీట మీద ఏ అక్షరం అన్నది లిపి వాడేవాళ్ళు తేల్చాల్సిన విషయం. ఒకసారి వాడకంలోకి వెళ్ళాక మారిస్తే నేర్చుకున్న చేతులన్నీ ఇబ్బంది పడతాయి. మన దగ్గర సవరని తెలుగు లిపిలో రాసేవాళ్ళూ ఉన్నారు, గిడుగు రామమూర్తి గారి కాలం నుంచి ఆ దారి ఉంది. వాళ్ళ అవసరం వేరు. ఇది వేరే చర్చగా పెట్టండి, నేనూ వస్తాను.

#13 ఆమదాలవలస_జంక్షన్

ఫాంటుకి పరీక్ష ఎలా రాస్తారు? కళ్ళతో చూడటమేనా?

#14 నాగావళి (శ్రీకాకుళం)

కళ్ళతోనూ చూడాలి, కానీ ఆటోప్యాకేజ్‌టెస్ట్ రాయకుండా వదలొద్దు.

‘ఎఫ్‌సీ-స్కాన్’ నడిచి ఫాంటు పేరు వచ్చిందా అని మాత్రమే చూస్తే అది పైపై పరీక్ష. దానికి ‘సూపర్‌ఫిషియల్’ అని గుర్తు పెట్టాలి, అలాంటిదానికి టెస్టింగ్‌కి వలసలో ఏ లాభమూ ఉండదు. అసలు పరీక్ష హార్ఫ్‌బజ్‌తో (అక్షరాలని పేర్చే లైబ్రరీ). లిబ్‌హార్ఫ్‌బజ్-బిన్‌లో ‘హెచ్‌బీ-షేప్’ ఉంటుంది. ఫాంటు ఫైలునీ, ఒక తెలుగు మాటనీ ఇస్తే ఏ గ్లిఫ్‌లు ఎంచుకుందో పేర్లతో చెబుతుంది. ఫలితంలో ‘నాట్‌డెఫ్’ వస్తే అక్షరమే లేదు. చుక్కల వృత్తం వస్తే గుణింతం ఆధారం లేకుండా విడిపోయింది. మాటల ఎంపిక ముఖ్యం: శ్రీకాకుళం, స్త్రీ, రాష్ట్రం, లక్ష్మి, జ్ఞానం, వాఙ్మయం (ఙ కింద మకారం చాలా ఫాంట్లలో తేలిపోతుంది), తర్క్యం, కృష్ణ. ‘రాష్ట్రం’లో ష కింద ట, దాని పక్కన ర వత్తు రెండూ రావాలి. పొల్లు గుర్తు విడిగా కనిపిస్తే జీసబ్ టేబుల్ (గ్లిఫ్‌లని మార్చే నియమాలు) పని చెయ్యట్లేదు. చాలా పాత ఫాంట్లలో పాత ‘తెలు’ లిపి ట్యాగు మాత్రమే ఉండి కొత్త ‘టెల్2’ ఉండదు, అక్కడ వత్తుల వరస తేడా రావచ్చు. ‘సాఫ్ట్‌వేర్’లో ట్ తరవాత జీరో-విడ్త్ నాన్-జాయినర్ (అక్షరాలు కలవకుండా ఆపే గుర్తు) ఉన్న మాటా ఒకటి చేర్చండి.

రూపాయి గుర్తు (యూనికోడ్ 2010), నకారపొల్లు (2021) పాత ఫాంట్లలో ఉండవు. వాటి కోసం వచ్చిన బగ్గు ‘విష్‌లిస్ట్’, ప్యాకేజింగ్ తప్పు కాదు. అప్‌స్ట్రీమ్‌కి ఫార్వర్డ్ చేసి లింకు బగ్గులో నమోదు చెయ్యండి.

ఇక ఫాంట్‌కాన్ఫిగ్ ఫైలు. పేరు ముందు అంకె చాలా పని చేస్తుంది. 60లో ల్యాటిన్, 65లో ఇతర లిపుల నియమాలు ఉంటాయి. మీ ఫైలుకి 30 లాంటి చిన్న అంకె ఇచ్చి ‘శాన్స్’కి మీ ఫాంటుని ముందుంచితే, తెలుగు ఫాంటులోని ఇంగ్లీషు అక్షరాలు మొత్తం డెస్క్‌టాప్‌ని ఆక్రమిస్తాయి. మెనూలు, టెర్మినల్ అన్నీ వికారంగా మారతాయి, వాడేవాళ్ళకి కారణం తెలియదు, ప్యాకేజీ తీసేస్తారు. ‘65-0’తో మొదలుపెట్టండి. పరీక్షలో ‘ఎఫ్‌సీ-మ్యాచ్’ని రెండుసార్లు అడగండి: భాష తెలుగు అన్నప్పుడు మీ ఫాంటు రావాలి, ఇంగ్లీషు అన్నప్పుడు రాకూడదు.

#15 బొబ్బిలి_తంత్రి (బొబ్బిలి)

సోర్స్ ఎక్కడి నుంచి తేవాలన్నది ఎవరూ ఎత్తలేదు. నా మాట: విడుదల టార్‌బాల్ (సోర్స్‌ని మూటకట్టిన ఫైలు) వద్దు, గిట్ ట్యాగు నుంచే తీసుకోండి. 2024 మార్చి 29న బయటపడ్డ ఎక్స్‌జెడ్ (ఫైళ్ళని కుదించే సాఫ్ట్‌వేర్) వ్యవహారం తెలిసిందే. 5.6.0, 5.6.1 వెర్షన్లు. దొంగ కోడ్‌ని మేల్కొలిపే ఎం4 ఫైలు టార్‌బాల్‌లో ఉంది, గిట్‌లో లేదు. ఆండ్రెస్ ఫ్రోయిండ్ ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ ఆలస్యం ఎందుకని తవ్వితే తేలింది. అప్పటికే అది డెబియన్ అన్‌స్టేబుల్‌లోకి, టెస్టింగ్‌లోకి వచ్చేసింది. స్టేబుల్‌కి చేరలేదు. టార్‌బాల్ తెచ్చి కళ్ళు మూసుకుని దిగుమతి చేసే అలవాటు ఫాంటుతోనే మొదలైతే రేపు లైబ్రరీకీ అదే చేస్తారు.

#16 గంటస్తంభం (విజయనగరం)

సగం ఒప్పుకుంటాను తంత్రి గారూ. ఎక్స్‌జెడ్‌లో అసలు దొంగ కోడ్ పరీక్ష ఫైళ్ళ రూపంలో గిట్‌లోనూ ఉంది, తాళం చెవి మాత్రమే టార్‌బాల్‌లో ఉంది. కాబట్టి గిట్ అనగానే శుద్ధం అయిపోదు. అప్‌స్ట్రీమ్ కర్త పీజీపీ సంతకంతో టార్‌బాల్ ఇస్తుంటే దానికీ విలువ ఉంది. ఆయన కీని డెబియన్ అప్‌స్ట్రీమ్ డైరెక్టరీలో పెడితే యూస్కాన్ (కొత్త విడుదలలు వెతికే సాధనం) ప్రతి విడుదలనీ సరిచూస్తుంది. సంతకం లేకపోతే, లేదా టార్‌బాల్‌లో టీటీఎఫ్ మాత్రమే ఉండి సోర్స్ లేకపోతే గిట్ ట్యాగే. రెండూ ఉన్నచోట ‘డిఫోస్కోప్’తో పోల్చి తేడా ఏమిటో చూశాకే దిగుమతి.

గిట్‌హబ్‌లో ఉన్న ఫాంట్లకి వాచ్ ఫైలు (యూస్కాన్ ఎక్కడ వెతకాలో చెప్పేది) మాటిమాటికీ చెడుతుంది. విడుదలల పేజీ ఫైళ్ళ జాబితాని తరవాత విడిగా లోడ్ చేస్తుంది, అందుకని పాత వాచ్ ఫైలుకి ఏమీ దొరకదు. ట్యాగుల పేజీని చూడమని గానీ, ‘మోడ్’ని గిట్ అని గానీ మార్చండి. ‘ఆర్‌సీ’, ‘బీటా’ ట్యాగులకి యూవెర్షన్‌మ్యాంగిల్‌తో టిల్డే చేర్చాలి. 2.0~ఆర్‌సీ1 అంటే 2.0 కన్నా చిన్నది. టిల్డే లేకుండా 2.0ఆర్‌సీ1 అని ఎక్కిస్తే అది 2.0 కన్నా పెద్దదై కూర్చుంటుంది. ఇక అసలు 2.0 వచ్చినప్పుడు ఎపాక్ (వెర్షన్ ముందు చేర్చే అంకె) పెట్టడమో, వంకర వెర్షన్ రాయడమో తప్పదు, ఎపాక్ ఒకసారి వస్తే ప్యాకేజీ బతికినంతకాలం పోదు.

#17 బొబ్బిలి_తంత్రి (బొబ్బిలి)

పోల్చి చూశాకే అంటే నాకు అభ్యంతరం లేదు. పోల్చరనే నా భయం.

ఇంకొకటి. గిట్ నుంచి టార్‌బాల్ ఒక్కొక్కరూ విడిగా తయారు చేస్తే బైట్లు కలవవు. అదే అప్‌స్ట్రీమ్ వెర్షన్‌కి ఆర్కైవ్‌లో ఉన్న ఒరిజినల్ టార్‌బాల్‌తో మీది ఒక్క బైటు తేడా ఉన్నా అప్‌లోడ్ తిప్పికొడతారు. ముందు ‘ఆరిగ్‌టార్‌జీజెడ్’ నడపండి, ఆర్కైవ్‌లో ఉన్నదాన్నే తెస్తుంది. కొత్త వెర్షన్ అయితే ఒకరు దిగుమతి చేసి ప్రిస్టీన్-టార్ శాఖతో సహా సల్సాకి పంపాలి, మిగతావాళ్ళు దాన్నే వాడాలి.

#18 వంశధార_గట్టు (నరసన్నపేట)

ప్యాకేజీ సిద్ధమైంది అనుకుందాం. మన దగ్గర డెబియన్ డెవలపర్ ఎవరూ లేరు. కీ మీద సంతకం లేకుండా అప్‌లోడ్ ఎలా?

#19 గంటస్తంభం (విజయనగరం)

మొదటి అప్‌లోడ్లకి ఎవరి సంతకమూ అక్కర్లేదు. 4096 బిట్ల ఆర్‌ఎస్‌ఏ కీ చేసుకుని, దాంతో సంతకం చేసి మెంటర్స్ సర్వర్‌కి (కొత్తవాళ్ళ ప్యాకేజీలు చూసే చోటు) డీపుట్‌తో పంపండి. తరవాత ‘స్పాన్సర్‌షిప్-రిక్వెస్ట్స్’ మీద ఆర్‌ఎఫ్‌ఎస్ (స్పాన్సర్ కావాలనే) బగ్ రాయాలి, మెంటర్స్ పేజీయే నమూనా ఇస్తుంది. ఫాంట్స్ టీమ్‌లో ఉంటే టీమ్‌లోని డెవలపర్నే అడగడం ఇంకా మంచిది. స్పాన్సర్ చూసి తన కీతో అప్‌లోడ్ చేస్తారు. ఆయన మార్పులు చెబితే సరిచేసి అదే వెర్షన్‌తో మళ్ళీ మెంటర్స్‌కి పంపండి. ఆర్కైవ్‌లోకి వెళ్ళేదాకా రివిజన్ అంకె పెంచొద్దు.

కీ సంతకం కావాల్సింది తరవాత, డెబియన్ మెయింటెయినర్ కావడానికి. దానికి డెవలపర్ సంతకం కావాలి, మామూలుగా వాళ్ళని ముఖాముఖి కలవాలి. 2023లో డెబ్‌కాన్ఫ్ కొచ్చిలో జరిగింది. మన దేశంలో మినీ డెబ్‌కాన్ఫ్‌లు జరుగుతుంటాయి, ఎవరైనా వెళ్తే కీ వేలిముద్రని కాగితం మీద ప్రింటు తీసుకుని, గుర్తింపు కార్డుతో వెళ్ళండి.

అప్‌లోడ్ ‘సోర్స్-ఓన్లీ’గా ఉండాలి. మన మెషీన్లో తయారైన బైనరీలు టెస్టింగ్‌లోకి వలస వెళ్ళవు, బిల్డ్‌డీ (డెబియన్ బిల్డ్ సర్వర్) తయారుచేసినవే వెళ్తాయి. ‘న్యూ’ గుండా వెళ్ళే కొత్త ప్యాకేజీకి మాత్రం మొదట బైనరీతో పంపక తప్పదు, అది లోపలికి వెళ్ళాక రివిజన్ పెంచి సోర్స్ మాత్రమే ఇంకోసారి పంపాలి. ఫాంటు ‘ఆల్’ కాబట్టి బిన్‌ఎన్ఎమ్‌యూ (సోర్స్ మార్చకుండా బైనరీ మళ్ళీ కట్టించడం) చేసి తప్పించుకోలేం. ఇది తెలియక అన్‌స్టేబుల్‌లోనే నెలల తరబడి ఉండిపోయేవి ఉంటాయి.

#20 ఆమదాలవలస_జంక్షన్

అన్‌స్టేబుల్‌లోకి వెళ్ళాక టెస్టింగ్‌కి ఎన్నాళ్ళు?

#21 బొబ్బిలి_తంత్రి (బొబ్బిలి)

అర్జెన్సీ ‘లో’ అయితే 10 రోజులు, ‘మీడియం’ 5, ‘హై’ 2. మామూలుగా మీడియమే. ఆటోప్యాకేజ్‌టెస్ట్ నిజంగా పాసైతే 5 కాస్తా 2కి దిగుతుంది. ఆగిపోతే ‘ఎక్స్‌క్యూజెస్’ పేజీలో కారణం పంక్తి పంక్తిగా ఉంటుంది, ఊహించనక్కర్లేదు.

#22 గంటస్తంభం (విజయనగరం)

ఇప్పుడు ఏడాది పొడుగునా అన్న ప్రశ్నకి.

వారానికోసారి ట్రాకర్ పేజీ, బగ్గుల పేజీ చూడాలి. ట్రాకర్లో ప్యాకేజీకి చందా పెట్టుకుంటే మెయిలే వస్తుంది. ఎవరైనా బగ్ రాస్తే రెండు మూడు రోజుల్లో ఒక్క పంక్తైనా జవాబివ్వండి. తిరిగి పుట్టించలేకపోతే ‘మోర్‌ఇన్ఫో’ ట్యాగు పెట్టి ఏ ప్రోగ్రాములో, ఏ మాట టైపు చేస్తే వస్తుందో అడగండి. తప్పు ఫాంటుది కాక హార్ఫ్‌బజ్‌దో, లిబ్రెఆఫీస్‌దో అయితే ‘రీఅసైన్’ చెయ్యాలి. హెచ్‌బీ-షేప్‌లో సరిగా వచ్చి ప్రోగ్రాములో తప్పు వస్తే ఫాంటుది కాదు.

‘సీరియస్’, ‘గ్రేవ్’, ‘క్రిటికల్’ ఈ మూడూ విడుదలని ఆపే బగ్గులు. ఫాంట్లకి ఎక్కువగా వచ్చేది సీరియస్: ఆర్కైవ్ మొత్తాన్ని మళ్ళీ బిల్డ్ చేసినప్పుడు మన ప్యాకేజీ బిల్డ్ కాకపోవడం. ఫాంట్‌ఫోర్జ్ గానీ, పైథాన్ గానీ కొత్త వెర్షన్ వచ్చి బిల్డ్ స్క్రిప్టు విరిగి ఉంటుంది. పట్టించుకోకపోతే ప్యాకేజీ టెస్టింగ్‌లోంచి ఆటోమేటిక్‌గా పోతుంది, తేదీ ముందే మెయిల్లో చెబుతారు. ఆ బగ్గుకి జవాబు రాస్తే తేదీ వెనక్కి జరుగుతుంది, కానీ గడువు కోసమే రాయకండి, పని జరుగుతుంటేనే రాయండి.

రెండుసార్లు వరసగా బిల్డ్ చేసినా, వేరే తేదీన చేసినా అవే బైట్లు రావాలి. ఫాంటు హెడ్ టేబుల్లో తేదీ ఉంటుంది, ఫాంట్‌ఫోర్జ్ ఎఫ్‌ఎఫ్‌టీఎమ్ అనే ఇంకో టేబుల్లోనూ రాస్తుంది. ‘సోర్స్ డేట్ ఎపాక్’ విలువని ఫాంట్‌ఫోర్జ్ గౌరవిస్తుంది, అది ఛేంజ్‌లాగ్ చివరి పద్దు తేదీ నుంచి వస్తుంది. బిల్డ్ స్క్రిప్టు మధ్యలో ఆ విలువని చెరపకుండా చూస్తే చాలు.

విడుదల ముందు గడ్డకట్టే కాలం ఉంటుంది. ట్రిక్సీకి 2025 మార్చి 15న మొదలై, ఏప్రిల్ 15న సాఫ్ట్, మే 15న హార్డ్ ఫ్రీజ్ అయి, ఆగస్టు 9న విడుదలైంది. సాఫ్ట్ ఫ్రీజ్ దాటాక కొత్త అప్‌స్ట్రీమ్ వెర్షన్ ఎక్కించకండి, చిన్న, లక్ష్యం ఉన్న దిద్దుబాట్లే. ఆ సమయంలో కొత్తది కావాలంటే ఎక్స్‌పెరిమెంటల్‌లో పెట్టండి. విడుదలయ్యాక స్టేబుల్‌లో దిద్దాలంటే ముందు రిలీజ్ టీమ్‌కి డెబ్‌డిఫ్‌తో (పాత, కొత్త వెర్షన్ల తేడా) బగ్ రాసి ఒప్పించాలి, వెర్షన్ చివర +డెబ్13యూ1 అని వస్తుంది.

#23 నాగావళి (శ్రీకాకుళం)

అప్‌లోడర్స్‌లో కనీసం ఇద్దరు వేర్వేరు ఊళ్ళవాళ్ళు ఉండేలా చూడండి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు. విడుదలని ఆపే బగ్గు అలాంటి వారంలోనే వస్తే పలాసలో ఉన్నవాళ్ళు ఏమీ చెయ్యలేరు, రాజాంలో ఉన్నవాళ్ళు చెయ్యగలరు. అందుకే పని లాప్‌టాప్‌లో దాచుకోకుండా రోజూ సల్సాకి పంపాలి. ప్యాచ్‌లకి డెప్-3 శీర్షిక తప్పనిసరిగా రాయండి: ఎందుకు వేశారు, అప్‌స్ట్రీమ్‌కి పంపారా, ఎప్పుడు. అది లేని ప్యాచ్‌ని తరవాత వచ్చినవాళ్ళు తీయలేరు, ఉంచనూ లేరు.

చదువైపోయి ఉద్యోగాలకి వెళ్ళాక చూడలేకపోతే, పేరు అలా వదిలెయ్యకుండా అప్‌లోడర్స్‌లోంచి తీసెయ్యండి. ఎవరూ మిగలకపోతే ‘ఓ’ బగ్ రాసి, మెయింటెయినర్ చోట డెబియన్ క్యూఏ గ్రూపు చిరునామా పెట్టి చివరి అప్‌లోడ్ చెయ్యండి.

#24 ఆమదాలవలస_జంక్షన్

ఒకటి ఎంచుకున్నాం మాస్టారూ. బగ్గుల కంట్రోల్ సర్వర్‌కి పంపే మెయిల్ ఇలా రాశాం: మొదటి పంక్తిలో ‘రీటైటిల్’, బగ్ నంబరు, ‘ఓ’ బదులు ‘ఐటీఏ’తో పాత శీర్షిక. రెండో పంక్తిలో ‘ఓనర్’, బగ్ నంబరు, మా జట్టు పేరు. కింద నమస్కారం, మా పరిచయం. సరిపోతుందా?

#25 గంటస్తంభం (విజయనగరం)

రెండు దిద్దుబాట్లు. ‘ఓనర్’ పంక్తిలో జట్టు పేరు కాదు, ఒక మనిషి మెయిల్ చిరునామా ఉండాలి. పంపేవాళ్ళే తీసుకుంటుంటే చిరునామా బదులు ఆశ్చర్యార్థకం గుర్తు పెట్టినా చాలు. మూడో పంక్తిలో ‘థాంక్స్’ అని ఒక్కటే రాయండి, సర్వర్ అక్కడితో చదవడం ఆపుతుంది. లేకపోతే మీ నమస్కారాన్నీ పరిచయాన్నీ ఆదేశాలనుకుని తప్పుల జాబితా తిరిగి పంపుతుంది. మెయిల్ హెచ్‌టీఎమ్ఎల్‌లో కాకుండా సాదా టెక్స్ట్‌లో పంపండి. పరిచయం మాత్రం బగ్ నంబరు చిరునామాకి విడిగా రాయండి, పాత మెయింటెయినర్ దాన్ని చూసి ఏమైనా చెప్పాలనుకుంటే అక్కడే చెబుతారు.